దొంగనొప్పులు, అసలు నొప్పులు: ఎదురుచూసే హక్కు ఎవరికుంది?

మా తల్లుల చరిత్ర – 9



పోయిన వారం పత్తి ఏరే కూలి మీద రాసిన భాగం చదివి, మర్పల్లి వైపు నుంచి ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. తొలిచూలు, తొమ్మిదో నెల. ఆ రాత్రి కడుపు రాయిలెక్క గట్టిపడుడు, వదులుడు, మళ్ళా గట్టిపడుడు. ఇంటోళ్ళు భయపడి ఆటో మాట్లాడి ఆస్పత్రికి తీసుకుపోయిండ్రు. అక్కడికి పోయేసరికి నొప్పులు బందయినయి. డ్యూటీలో ఉన్నామె చూసి, "ఇవి దొంగనొప్పులు. ఊకె ఉరికొస్తరు మీరు" అని కసిరి పంపిందట. ఆటోకు పెట్టిన పైసల గురించి చెల్లె ఎక్కువ చెప్పలేదు. ఒక్క మాట అడిగింది: "అక్కా, నా కడుపులొచ్చిన నొప్పి దొంగదెట్లయితది?"

ఆమెకు అప్పుడే నాలుగు ముక్కలు జవాబిచ్చాను. పెద్ద జవాబు ఇది. హాస్టళ్ళలో చదువుకునే చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ కొంచెం ఓపికగా చదవండి. ముఖ్యంగా తమ్ముళ్ళు. ఇది ఆడోళ్ళ ముచ్చట అని దాటేసి పోకండి.

ముందు ఆ పేరు సంగతి. 1872లో లండన్ డాక్టరు జాన్ బ్రాక్స్టన్ హిక్స్ ఒక వ్యాసం రాశాడు. గర్భసంచి కాన్పు రోజున మాత్రమే బిగుసుకోదు, నెలల పొడుగునా మధ్యమధ్య బిగుస్తూ వదులుతూనే ఉంటుంది అన్నాడు. అప్పటి నుంచి ప్రపంచమంతా ఆ బిగువుకు ఆయన పేరే. నర్సింగ్ చదివే పిల్లలను అడగండి, బ్రాక్స్టన్ హిక్స్ అని టక్కున చెబుతారు. అంతకుముందు కొన్ని వేల ఏండ్ల నుంచి దాన్ని కడుపులో పట్టిచూసిన ఆడవాళ్ళు ఉన్నారు, పక్కన కూర్చుని అరచెయ్యి పెట్టి చూసిన ముసలవ్వలు ఉన్నారు. వాళ్ళు దానికి తమ భాషల్లో పేరు కూడా పెట్టుకున్నారు. తెలుగులో దొంగనొప్పులు. వచ్చినట్టే వచ్చి ఏమీ ఇయ్యకుండా పోయేవి కాబట్టి దొంగవి. మా పెద్దమ్మలు ఆ మాట అంటే అందులో నవ్వు ఉంటుంది. "దొంగనొప్పులు బిడ్డా, గాబరాపడకు, పండుకో" అంటారు. అక్కడ దొంగ నొప్పి. ఆస్పత్రి బల్ల దగ్గరికొచ్చేసరికి దొంగ మనిషయింది.

(ఒక పక్క మాట. ఆ వ్యాసానికి సరిగ్గా ఒక ఏడాది ముందు, 1871లో, ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే మనుషులను దొంగలని రాసిపెట్టిన చట్టం. ఎవరిని దొంగ అనాలో ఎవరు నిర్ణయిస్తారు అనేది మనకు కొత్త ప్రశ్న కాదు.)

ఇప్పుడు విషయం. గర్భసంచి ఒక కండరం. నెలలు నిండే కొద్దీ అది అప్పుడప్పుడు బిగుసుకుంటుంది. దొంగనొప్పులకు ఒక వరస ఉండదు. ఒకసారి పది నిమిషాలకు వస్తే ఇంకోసారి ముప్పావుగంటకు. లేచి నాలుగడుగులు నడిస్తేనో, పక్కకు తిరిగి పడుకుంటేనో, కడుపునిండా నీళ్ళు తాగితేనో తగ్గిపోతాయి. అసలు నొప్పులు అట్లా కాదు. నడుములో పుట్టి ముందుకు వస్తాయి. నడిచినా పండినా ఆగవు. ఒక్కో నొప్పి అంతకుముందుదానికంటే ఎక్కువసేపు ఉంటుంది, నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం తగ్గుతూ పోతుంది, మాట్లాడుతున్న మనిషి మాట ఆపాల్సి వస్తుంది.

మా వాడల్లో పెద్దవాళ్ళు దీనికి ఒక పరీక్ష చెబుతారు. నడుము మీద వేడినీళ్ళు పోస్తారు. జీలకర్ర కషాయం కాచి తాగిస్తారు. తగ్గితే దొంగవి, పెరిగితే అసలువి. ఇందులో మాయ ఏమీ లేదు. ఇయ్యాల డాక్టర్లు చెప్పే మాట కూడా దాదాపు ఇదే: గోరువెచ్చని నీళ్ళతో స్నానం చెయ్యి, నీళ్ళు తాగు, కొంచెంసేపు పండుకో, గడియారం పెట్టుకుని లెక్కపెట్టు. జీలకర్ర కాన్పు చేయదు. కషాయం కాగి, తాగి, చూసే లోపు ఒక గంట గడుస్తుంది. ఆ గంటలో పక్కన ఒక మనిషి ఉంటుంది. పరీక్షలో అసలు సరుకు ఆ గంటే.

ఇంకొకటి. ఒంట్లో నీళ్ళు తగ్గినా, మూత్రం ఆపుకున్నా, ఒళ్ళు అలిసిపోయినా దొంగనొప్పులు ఎక్కువవుతాయి. ఇది ఏ ఆస్పత్రి గోడ మీది చార్టులోనైనా ఉంటుంది. ఇప్పుడు ఈ మూడింటినీ తీసుకుపోయి మర్పల్లి నల్లరేగడిలో పత్తి చేను మధ్య నిలబెట్టండి. పొద్దున పోయిన మనిషి పొద్దూకే దాకా వంగి ఏరాలి. తెచ్చుకున్న సీసాలో నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోతాయి. చేను చుట్టూ మగవాళ్ళు తిరుగుతుంటారు, కూర్చోను చాటు ఉండదు. ఆపుకుంటుంది. ఏడో నెల, ఎనిమిదో నెల కడుపుతో. అట్లాంటి ఒంటికి రాత్రి నొప్పులు వస్తే అవి దొంగవని అనడానికి నాకైతే నోరు రాదు. అది ఆ రోజు చేసిన పని ఒళ్ళు అప్పజెప్పే లెక్క.

ఇంతకూ ఆ గంట పక్కన కూర్చున్న మనిషి ఎవరు?

మంత్రసాని. మా వైపు దాయి అని కూడా అంటారు. వలస కాలంలో కులాల మీద లావు పుస్తకాలు రాసినవాళ్ళు మంగలి స్త్రీలు మంత్రసానులని రాసిపెట్టారు. అది నిజమే, కానీ మొత్తం నిజం కాదు. ఊరిని బట్టి మంగలామె, చాకలామె, మాలామె, మాదిగామె. ఒక్కటి మాత్రం అన్ని ఊళ్ళలోనూ ఒకటే. పై కులాల ఆడవాళ్ళెవరూ ఈ పనికి రాలేదు. ఎందుకంటే పురుడు మైల. రక్తం మైల, మాయ మైల, బొడ్డు కోయడం మరీ మైల. ఉత్తర భారతంలో కాన్పుల మీద పరిశోధన చేసినవాళ్ళు కూడా ఇదే గమనించారు: బొడ్డు కోసే పని దగ్గరికి వచ్చేసరికి అందరూ వెనక్కి జరుగుతారు, అంటరాని ఆమె ముందుకు రావాలి. బిడ్డ ప్రాణం ఆమె చేతిలో. పదకొండో రోజు స్నానాలై ఇల్లు శుద్ధయ్యాక ఆమె గడప అవతల. చేతికి మానికెడు జొన్నలు, ఒక పాత చీర.

మన భాషలో సామెత ఉంది కదా, మంత్రసానితనానికి ఒప్పుకున్నంక ఏదొచ్చినా పట్టాలె అని. అసలు సామెత ఇంకా మోటుగా ఉంటుంది, మీకందరికీ తెలుసు. ఆఫీసుల్లో, మీటింగుల్లో చదువుకున్నవాళ్ళు నవ్వుతూ వాడతారు. ఆ సామెతలో ఒక్క మాటను ఎవరూ పట్టించుకోరు, "ఒప్పుకున్నంక". ఎవరు ఒప్పుకున్నారు? వెట్టి ఉన్న ఊళ్ళో దొర గడి నుంచి కబురొస్తే ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అనేది ఉంటుందా? వికారాబాద్ పేరే పైగా నవాబు వికారుల్ ఉమ్రా పేరు. జాగీర్లు, మక్తాలు, పటేండ్లు, పట్వారీల నేల ఇది. అర్ధరాత్రి తలుపు తడితే లేచిపోవాల్సిందే. తన సొంత కోడలు నొప్పులు పడుతున్నా సరే.

ఆ కోడలి దగ్గర ఎవరు కూర్చున్నారు అనే ప్రశ్నకు చరిత్రలో చాలా తక్కువ జవాబులున్నాయి. ఉన్న వాటిలో అన్నిటికంటే పెద్దది 1855 నాటిది. రాసింది 14 ఏండ్ల పిల్ల.

ముక్తా సాల్వే. పుణెలో ఫూలే దంపతుల బడిలో చదువుకున్న మాంగ్ కులం అమ్మాయి. మహారుల, మాంగుల దుఃఖం గురించి ఆమె రాసిన వ్యాసం జ్ఞానోదయ అనే మరాఠీ పత్రికలో అచ్చయింది. దళిత మహిళ రాసిన తొలి రచనగా దాన్ని చెప్పుకుంటాం. వేదాలు మావి కావంటే మా మతమేదో చెప్పమని దేవుణ్ణి నిలదీసిన భాగం మన సభల్లో చాలాసార్లు వినిపిస్తుంది. వినిపించని భాగం ఇంకొకటుంది. మా ఆడవాళ్ళు కాన్పయ్యేటప్పుడు ఇంటి మీద కప్పు కూడా ఉండదు, వానలో, చలిలో వాళ్ళు ఎంత బాధపడతారో మీ అనుభవం నుంచి ఆలోచించండి అని ఆమె పైకులాల వాళ్ళను అడుగుతుంది. బాలింతకు జబ్బు చేస్తే మందుకూ వైద్యుడికీ డబ్బులెక్కడివి అని అడుగుతుంది.

14 ఏండ్ల పిల్లకు ఆ సంగతి ఎట్లా తెలుసు? చూసింది కాబట్టి తెలుసు. ఒంటి గది గుడిసెలో కాన్పయితే పిల్లలు ఎక్కడికి పోతారు? బ్రాక్స్టన్ హిక్స్ వ్యాసానికి ఇది 17 ఏండ్ల ముందు. ఆయనది వైద్య చరిత్ర, ఈమెది దళిత సాహిత్యం అని లైబ్రరీలో వేరు వేరు అలమార్లలో పెట్టారు. రెండూ ఒకే కడుపు గురించి రాసినవని నేనంటాను. ఒకాయన గర్భసంచిని చూశాడు. ఒకామె ఆ గర్భసంచి మీద కప్పు ఉందా లేదా అని చూసింది.

పుణె ఎక్కడ, మర్పల్లి ఎక్కడ అనకండి. వికారాబాద్ నుంచి మర్పల్లి, కోహిర్, జహీరాబాద్ మీదుగా రైలు పట్టాలు బీదర్‌కు పోతాయి, అక్కడి నుంచి మరాఠీ నేలకు. ఒకప్పుడు ఇదంతా ఒకే నిజాం రాజ్యం. మాంగ్, మాతంగ, మాదిగ అనేవి ఒకే చెట్టు కొమ్మలని మన పెద్దలు చెప్పుకుంటారు. పెండ్లి సంబంధాలు, పండుగలు, డప్పు దెబ్బ ఈ గీత దాటి పోతూనే ఉన్నాయి. ముక్త రాసిన ఆ కప్పులేని ఇల్లు మాదిగవాడలో ఉన్న ఇల్లే.

అదే పుణెలో 1863లో ఫూలే దంపతులు ఇంకో పని చేశారు. మోసపోయి కడుపైన బ్రాహ్మణ వితంతువులు చాటుగా వచ్చి కాన్పయి పోయేందుకు తమ ఇంట్లో చోటిచ్చారు. అక్కడ కాన్పయిన కాశీబాయి కొడుకునే తర్వాత పెంచుకున్నారు, పేరు యశ్వంత్. పైకులపు ఆడమనిషికి కూడా నొప్పులు భయం లేకుండా పడే చోటు శూద్రుల ఇంట్లోనే దొరికింది. దీన్ని మన ఫెమినిస్టు స్నేహితులకు అప్పుడప్పుడు గుర్తుచేస్తుండాలి.

ఇక సర్కారు సంగతికి వద్దాం. 1885లో వైస్రాయ్ భార్య లేడీ డఫరిన్ పేరుతో ఆడవాళ్ళ వైద్యానికి నిధి మొదలైంది. 1903లో లేడీ కర్జన్ విక్టోరియా స్మారక స్కాలర్‌షిప్పుల నిధి పెట్టింది, దాయిలకు శిక్షణ ఇవ్వడానికి. హైదరాబాద్‌లో 1906లో విక్టోరియా జనానా ఆస్పత్రికి ఇంగ్లండ్ యువరాణి పునాదిరాయి వేసింది. జనానా అంటే పరదా ఆడవాళ్ళ కోసం. మన తల్లులకు పరదా ఎక్కడిది? అట్లాగని వాళ్ళ ఊళ్ళో ఇంకో ఆస్పత్రి కట్టారా అంటే, లేదు. అప్పటికే హైదరాబాద్ వైద్యంలో చిన్న ఊరేం కాదు. క్లోరోఫాం మీద రెండు కమిషన్లు ఇక్కడే, 1880ల చివర మొదలై, కూర్చున్నాయి. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరున్న రూపాబాయి ఫర్దూన్జీ ఇక్కడి వైద్య పాఠశాలలోనే చదివింది. 1853లో విక్టోరియా రాణి క్లోరోఫాం పీల్చి కాన్పయింది. నొప్పి లేకుండా చేసే మందు మీద ప్రపంచంలోని డాక్టర్లు తగవుపడిన ఊరికి, మర్పల్లి నూరు కిలోమీటర్లు కూడా లేదు. 1874 నుంచి వికారాబాద్, తాండూరు మీదుగా రైలు కూడా నడుస్తోంది. ఆ రైలులో తాండూరు బండ పోయింది, ధాన్యం పోయింది. క్లోరోఫాం సీసా వాడ దాకా రాలేదు.

ఆ నిధులు, ఆ శిక్షణలు మంత్రసానిని ఎట్లా చూశాయి? మురికి మనిషిగా. 1927లో అమెరికా నుంచి వచ్చిన కేథరిన్ మేయో 'మదర్ ఇండియా' రాసింది. అందులో దాయి మీద ఒక భాగమే ఉంది. మాసిన గుడ్డలు, గోళ్ళ నిండా మట్టి, అంటరాని ముసలిది, చేయి పెడితే చావే అన్న ధోరణి. గాంధీ ఆ పుస్తకాన్ని మురుగుకాలువలు చూసిపోయిన మనిషి రిపోర్టు అన్నాడు. జాతీయవాదులంతా దేశం పరువు పోయిందని మండిపడ్డారు. దాయి పరువు గురించి ఎవరూ మాట్లాడలేదు. తిట్టిన మేయోకు, మేయోను తిట్టినవాళ్ళకు, ఇద్దరికీ ఆమె ఒకటే.

నేను ఇక్కడ మంత్రసానిని దేవత చేయబోవడం లేదు. కొడవలితో, బ్లేడుతో బొడ్డు కోసి బూడిదో పేడో అద్దితే ధనుర్వాతం వచ్చి పసిపిల్లలు చచ్చిపోయిన మాట నిజం. అడ్డం తిరిగిన బిడ్డను లాగబోయి తల్లీబిడ్డా పోయిన ఇండ్లు ప్రతి వాడలో ఉన్నాయి. రక్తం పోతుంటే ఆపే సాధనం ఆమె దగ్గర లేదు. కానీ చేయి మురికి సంగతి తీస్తే 1847 నాటి వియన్నా గుర్తుకు రావాలి. అక్కడి పెద్దాస్పత్రిలో రెండు కాన్పు వార్డులు. ఒకటి డాక్టర్లది, ఒకటి మంత్రసానులది. డాక్టర్ల వార్డులో బాలింతలు ఎక్కువ చచ్చిపోయేవారు, కొన్నేండ్లు రెండింతలు, మూడింతలు. సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కారణం పట్టుకున్నాడు: శవాలు కోసిన చేతులతోనే వచ్చి కాన్పులు చేస్తున్నారు. సున్నపు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించగానే చావులు పడిపోయాయి. డాక్టర్లు ఒప్పుకోలేదు, పెద్దమనుషుల చేతులు మురికిగా ఉండవన్నారు. అతన్ని తరిమేశారు. అక్కడ డాక్టరు చేయి మురికైతే నీళ్ళిచ్చి కడుక్కోమన్నారు. ఇక్కడ మాదిగ మంత్రసాని చేయి మురికైతే అది ఆమె కులం అన్నారు. ఊరి బావిలో నీళ్ళు ముట్టనియ్యని మనిషిని నీ చేతులెందుకు కడుక్కోలేదని అడిగిన నాగరికత ఇది.

హైదరాబాద్‌లో నీలోఫర్ ఆస్పత్రి కథ మీకు తెలిసే ఉంటుంది. నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే మనిషి కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంతో యువరాణి ఆస్పత్రి కట్టించాలని పట్టుబట్టిందని చెబుతారు. 1953లో తెరిచారు. మంచి పని, లక్షల మంది పిల్లలు బతికారు, మన పిల్లలూ అందులో ఉన్నారు. ఆస్పత్రికి యువరాణి పేరు పెట్టారు. చచ్చిపోయిన పనిమనిషి పేరు రఫత్ అని చెప్పుకుంటారు. ఇంతకంటే ఎక్కువ నేను వ్యాఖ్యానం చేయను.

ఇప్పుడు అసలు ప్రశ్న, శీర్షికలో పెట్టింది. ఎదురుచూడాలంటే ఏం కావాలి? తారీఖు చెప్పిన రోజునే కాన్పయ్యేవాళ్ళు నూటికి నలుగురైదుగురే. మిగతావాళ్ళకు రెండు వారాలు ముందో వెనకో. ఈ దొంగనొప్పుల రోజులు, ఈ "ఇయ్యాలనో రేపో" రోజులు, పని మానుకుని ఇంట్లో ఉండాల్సిన రోజులు. ఇంట్లో ఉంటే కూలి ఎవరిస్తారు?

ఈ ప్రశ్నను చట్టసభలో అడిగినవాడు అంబేడ్కర్. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లుకు మద్దతుగా మాట్లాడాడు. కాన్పుకు ముందు, తర్వాత తల్లికి విశ్రాంతి దొరకడం దేశం బాగు కోసమేనని, కాబట్టి ఆ భారం సర్కారూ మోయాలని, ఆమె శ్రమతో లాభపడే యజమానీ మోయాలని వాదించాడు. మరుసటి ఏడాది అది చట్టమైంది. గనుల్లో పనిచేసే ఆడవాళ్ళకు 1941 చట్టం కాన్పుకు ముందు 4 వారాలు, తర్వాత 4 వారాలు, రోజుకు 8 అణాలు ఇవ్వాలంది. 1943లో, వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు, ఆ చట్టం మాటల్లో ఉన్న సందు మూయడానికి ఆయనే సవరణ బిల్లు పెట్టాడు. సందు ఎక్కడుందో తెలుసా? పనికి రాని రోజులను ఎట్లా లెక్కించాలి అనే దగ్గర. గని మూసిన రోజు ఆమె పనికి రానట్టా కాదా అని యజమాని పేచీ పెట్టే వీలుంది. అంటే ఎదురుచూపు రోజుల కూలి ఎగ్గొట్టే సందు. బాబాసాహెబ్ విగ్రహాల్లో చేతిలో ఉన్న పుస్తకం రాజ్యాంగం అంటాం. ఆ చేతిలో ఈ 8 అణాల లెక్క కూడా ఉంది.

1961లో దేశమంతటికీ ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. 2017లో 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. టీవీల్లో చప్పట్లు. పత్తి ఏరే మనిషికి ఆ 26 వారాల్లో ఒక్క గంట కూడా రాదు. ఆమెకు యజమాని ఎవరు? ఇయ్యాల ఒక పటేలు, రేపు ఇంకో పటేలు, మధ్యలో గుంపు మేస్త్రి. ఆమె కోసం 2013 ఆహార భద్రత చట్టం ఒక వాక్యం రాసింది: ప్రతి గర్భిణికి, బాలింతకు 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలి. రోజు కూలి 300 అనుకుంటే 20 రోజులు. ఉద్యోగం చేసే తల్లికి 182 రోజుల జీతం, కూలి చేసే తల్లికి 20 రోజుల కూలి. ఆ తర్వాత వచ్చిన కేంద్ర పథకం ఆ 6,000ను మొదటి కాన్పుకు 5,000 చేసింది. అందుకే మన దగ్గర ఎదురుచూపు చేన్లో జరుగుతుంది. చేన్లోనే నొప్పులు మొదలై గట్టు మీద కాన్పయిన కథలు మీ ఇండ్లలో ఎన్ని ఉన్నాయో అడిగి చూడండి. వాటిని మన వాళ్ళు గొప్పగా చెబుతారు, "బిడ్డను కని మళ్ళా కొడవలి పట్టింది" అని. నాకు ఆ గొప్ప నచ్చదు. ఆమెకు ఇంటికి పోయే వీలుంటే పోయేది.

2005 తర్వాత కాలం వేరు. జననీ సురక్షా యోజన వచ్చింది, ఆస్పత్రిలో కాన్పయితే పైసలు. అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ మొదలైంది. ఆశా అక్కలు వచ్చారు, వాళ్ళలో మన ఆడవాళ్ళు చాలామంది. 2017లో కేసీఆర్ కిట్టు, 12,000 రూపాయలు, ఆడపిల్లయితే 13,000. ఫలితం మామూలుది కాదు. తెలంగాణలో లక్ష కాన్పులకు తల్లుల చావులు 2011-13లో 92 ఉంటే 2018-20కి 43కు దిగాయి. ఆస్పత్రి కాన్పులు నూటికి 97. వెనకటి రోజులే బాగుండె అనే వాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. ఆ బతికిన తల్లుల్లో ముందు వరుస మనదే. ఆస్పత్రి మనం పోరాడి తెచ్చుకున్న హక్కు.

కానీ ఆస్పత్రికి పోయాక ఏం జరుగుతోంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019-21, తెలంగాణ లెక్క: నూటికి 60.7 కాన్పులు పెద్దాపరేషన్. దేశం మొత్తం మీద 21.5. మన ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. నూటికి 10, 15 దాటితే తల్లుల చావులు తగ్గడానికి అదనంగా పనికొచ్చేదేమీ కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూ వస్తోంది. ముహూర్తం చూసి కడుపు కోయించుకోవద్దని రాష్ట్ర ఆరోగ్యమంత్రే ఊరూరా చెప్పాల్సి వచ్చింది. పంచాంగం ఇప్పుడు ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా వచ్చింది, పుట్టే టైమును కూడా అయ్యగారే రాస్తున్నాడు.

కోతకు కోత అవసరమైనప్పుడు కోత ప్రాణం. అందులో అనుమానం లేదు. కానీ పది మందిలో ఆరుగురికి అవసరమా? ఎదురుచూడటం ఖర్చు అయిపోయింది. మంచం ఖాళీ కావాలి, డాక్టరు ఇంకో చోటికి పోవాలి, ఇంటోళ్ళు భయపడుతున్నారు. తొలిచూలు మనిషికి నొప్పులు మొదలై అసలు దారిన పడటానికి ఒక్కోసారి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. ఆ మెల్లని భాగానికి ఇంత సమయమే అని గీత గీయలేమని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్పాయి. గర్భసంచి ముఖం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు లెక్క మొదలన్నాయి. గంటకు ఒక సెంటీమీటరు అనే పాత కొలబద్దను అందరికీ పెట్టొద్దన్నాయి. అంటే తేల్చిన మాట ఏమిటి? తల్లీబిడ్డా బాగున్నంతసేపు కూర్చో, చెయ్యి పట్టుకో, ఆగు. జీలకర్ర నీళ్ళు కాచిన అవ్వ చేసింది ఇదే కదా.

నొప్పుల సూది సంగతి ఇంకో కత. ఊళ్ళో ఆరెంపీ ఇచ్చే ఆక్సిటోసిన్. బర్రె పాలు చేపడానికి కొట్టే మందూ అదే. కొలత లేకుండా, బిడ్డ గుండె వినకుండా కొడితే గర్భసంచి చినిగిపోవచ్చు, బిడ్డకు ఊపిరి అందకపోవచ్చు. "జల్ది అయితది" అని ఎవరన్నా ఇంట్లో సూది ఇస్తామంటే ఇయ్యనీయకండి.

2017లోనే తెలంగాణ ప్రభుత్వం నర్సులకు 18 నెలల మంత్రసాని శిక్షణ మొదలుపెట్టింది, కరీంనగర్‌లో, యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి. 2018లో కేంద్రం కూడా మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. మామూలు కాన్పును కోత లేకుండా ఓపికగా చేయించే నర్సులు. నేను దీన్ని మనసారా ఆహ్వానిస్తున్నాను. మన పిల్లలు నర్సింగ్ చదువుతున్నారు, ఆ సీట్లకు పోటీ పడండి. చూడండి, పని గౌరవం సంపాదించుకుంది, జీతం సంపాదించుకుంది, ఇంగ్లీషు పేరు సంపాదించుకుంది. దాన్ని కొన్ని వందల ఏండ్లు మోసిన మంగలి, చాకలి, మాల, మాదిగ అవ్వలకు మాత్రం ఒక్క పింఛను, ఒక్క సర్టిఫికెట్, ఒక్క సన్మానం శాలువా రాలేదు. పని మైలగా ఉన్నన్నాళ్ళు మనది. శుభ్రమయ్యాక నోటిఫికేషన్ పడుతుంది.

చెల్లెకు రాసిన నాలుగు ముక్కలు ఇక్కడ కూడా పెడుతున్నా, ఎవరికైనా పనికొస్తాయి. నెలలు నిండి ఉంటే, నొప్పులు వరస లేకుండా వచ్చి పోతుంటే, బిడ్డ ఎప్పటిలాగే కదులుతుంటే, నీళ్ళు తాగి పక్కకు తిరిగి పండుకుని గడియారం చూడు. అయిదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషం దాకా, గంటసేపు వస్తుంటే బయలుదేరు. ఊరు దూరమైతే, రెండో కాన్పయితే, అంతకంటే ముందే. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడ్డా, బిడ్డ కదలిక తగ్గినా, తల పగిలిపోతూ కండ్లు మసకబారినా ఒక్క నిమిషం ఆగొద్దు, 108కు ఫోన్. 37 వారాలు నిండకముందే నొప్పులు వరసగా వస్తే అవి దొంగవని ఇంట్లో ఎవరూ తేల్చకూడదు, ఆస్పత్రే చూడాలి. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనే మాట తప్పు. లోపల ఉన్న ప్రతి వారం బిడ్డకు బలమే. వెళ్ళాక నొప్పులు తగ్గిపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. వంద సార్లు పోయి వంద సార్లు తిరిగి రావచ్చు. కసిరితే, ఎవరు కసిరారో పేరు, తారీఖు రాసి పెట్టుకో.

ఇప్పుడు విద్యార్థులకు ఒక పని. సంక్రాంతి సెలవులకు ఇండ్లకు పోతారు కదా. మర్పల్లి, మోమిన్‌పేట, బంట్వారం, పెద్దేముల్, తాండూరు, ఎవరి ఊరు వాళ్ళది. పెద్దేముల్ మన గోగు శ్యామలక్క పుట్టిన ఊరు. అక్క ఆ నేల మనుషుల కథలు రాసి చూపింది, మనం కనీసం మాటలు రికార్డు చేద్దాం. మీ వాడలో, పక్క వాడలో కాన్పులు చేసిన ముసలవ్వలు ఇంకా ఉన్నారేమో చూడండి. దొంగనొప్పులను ఎట్లా గుర్తుపట్టేదో అడగండి. ఏ నూనె, ఏ కషాయం, ఏ మాట. చేయి ఎక్కడ పెట్టి చూసేది. దొర గడిలో కాన్పు చేస్తే ఏమిచ్చిండ్రు, వాడలో చేస్తే ఏమిచ్చిండ్రు. చేతిలో పోయిన ప్రాణాల గురించి కూడా అడగండి, ఆమె చెప్పదలచుకుంటేనే. ఫోన్‌లో రికార్డు చేసే ముందు ఆమెను అడిగి చేయండి.

పేరు తప్పకుండా అడగండి. అందరూ ఫలానా వాళ్ళ అవ్వ అనో, మంత్రసాని అనో చెబుతారు. అట్లా రాసుకురాకండి. ఆమె నోటితోనే ఆమె పేరు చెప్పించుకుని రాయండి.

వచ్చే భాగం బొడ్డు కోసిన కొడవలి మీద.